శిలాఫలకం మీద పాస్టరుగారి పేరు ముందు ఏమేం చెక్కించాలి?

కొత్తపేట కమిటీ మెంబరు
అందరికీ వందనాలు. గుంటూరు పక్క పల్లెలో మా సంఘానికి కొత్త మందిర ప్రతిష్ఠ ఉంది. ఫలకం నల్ల గ్రానైటు, మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. అంగుళం అక్షరం చెక్కితే వరసకి ముప్పైకి మించి పట్టవంటున్నారు. మాకు రాసిచ్చిన కాగితంలో ఇలా ఉంది: "మహా ఘనత వహించిన దైవజనులు, అభిషిక్తులు, బిషప్ రెవ. డా." మొదటి వరస ఇక్కడికే నిండిపోయింది. పేరు రెండో వరసలో పడుతోంది. స్థలం ఇచ్చినవాళ్ల పేర్లకి చోటే లేదు. ఏది ఉంచాలి, ఏది తీయాలి?

పటమట సహోదరుడు
అన్నీ తీసేయండి. మత్తయి 23:8-10 చూడండి. బోధకులని పిలువబడవద్దు, భూమి మీద ఎవనికైనా తండ్రి అని పేరు పెట్టవద్దు, గురువులని పిలువబడవద్దు. మూడుసార్లు చెప్పాడు ప్రభువు. కారణం కూడా చెప్పాడు, "మీరందరు సహోదరులు" అని. పేతురు తన రెండో పత్రికలో "మన ప్రియ సహోదరుడైన పౌలు" అని రాసి ఊరుకున్నాడు. ఇప్పుడు పుల్పిట్ మీద పౌలు గారు, పేతురు గారు అంటున్నాం కానీ వాక్యంలో ఆ "గారు" లేదు. ఎన్నో సంఘాలు కట్టిన భక్త్ సింగ్ గారిని చివరిదాకా బ్రదర్ అనే పిలిచారు.

గుణదల విశ్వాసి
అండీ, ఆ వచనాన్ని అలా పట్టుకుంటే ఇంట్లో నాన్నని నాన్నా అని కూడా పిలవకూడదు. అపొస్తలుల కార్యములు 7:2లో స్తెఫను మహాసభ ముందు నిలబడి "సహోదరులారా, తండ్రులారా" అన్నాడు. 1 కొరింథీ 4:15లో పౌలు, ఉపదేశకులు పదివేలమంది ఉన్నా తండ్రులు అనేకులు లేరు, సువార్త ద్వారా నేనే మిమ్మల్ని కన్నాను అన్నాడు. మా కథోలికులం ఫాదర్‌గారు అనేది ఆ అర్థంతోనే.

పటమట సహోదరుడు
తండ్రి మాట పక్కన పెడదాం. గురువు మాటేంటి? 10వ వచనంలో మన తెలుగు బైబిల్లో ఉన్నది సరిగ్గా ఆ మాటే. మీరు గురుశ్రీ అంటారు, ఊరి చర్చి ఫాదర్‌ని విచారణ గురువులు అంటారు, పాపుగారిని, అంటే పోపుని, జగద్గురువులు అంటారు. "క్రీస్తు ఒక్కడే మీ గురువు" అని ఉండగా ఏరికోరి అదే మాట ఎందుకు?

గుణదల విశ్వాసి
గ్రీకులో 8వ వచనంలో రబ్బీ, అంటే బోధకుడు, 10లో కథెగెతెస్, అంటే దారి చూపి నడిపించేవాడు. దాన్ని తెలుగు చేసినవాళ్లు గురువు అన్నారు. మేము గురువు అంటున్నది పూజ అర్పించే యాజకుణ్ణి. మాట ఒకటే, చెప్పే పని వేరు. పైగా బిరుదులు తగ్గించుకోమని మా పెద్దలే చెప్పారు. 2014లో ఫ్రాన్సిస్ పాపుగారు మోన్సిన్యోర్ అనే గౌరవ బిరుదు డయాసిస్ (ఒక బిషప్ కింది ప్రాంతం) గురువుల్లో 65 ఏళ్లు నిండినవాళ్లకే అన్నారు.

పటమట సహోదరుడు
గురువు గురించి అడిగాను, మోన్సిన్యోర్ గురించి కాదు.

వన్‌టౌన్ ప్రెస్
కమిటీ మెంబరు గారూ, మీకు కావలసింది ఇది. సీఎస్ఐలో, అంటే దక్షిణ ఇండియా సంఘంలో, పరిచర్యలో మొదటి మెట్టు అయిన డీకన్‌కీ పూర్తి పాస్టరు అయిన ప్రెస్బిటర్‌కీ రెవరెండ్, బిషప్‌కి రైట్ రెవరెండ్, ఆ బిషప్పులందరికీ పెద్ద అయిన మోడరేటర్ ఒక్కరికే మోస్ట్ రెవరెండ్. కథోలికుల్లో మన దేశంలో ఏ బిషప్‌కైనా మోస్ట్ రెవరెండే. కార్డినల్‌కి హిస్ ఎమినెన్స్. 2022లో కార్డినల్ అయిన పూల ఆంథోనీ గారికి అలాగే వేయాలి. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, గుణదలలో చూసిన మోస్ట్ రెవరెండ్‌ని తెచ్చి సీఎస్ఐ బిషప్‌కి వేస్తారు. అప్పుడు ఆయన్ని మోడరేటర్ చేసినట్టవుతుంది. ఇక రెవరెండ్ అనేది పదవి పేరు కాదు, గౌరవింపదగిన అనే విశేషణం. ముందు రెవ., ఆ తర్వాత డా., తర్వాత పూర్తి పేరు. బిషప్, రెవ. రెండూ పక్కపక్కన వేయరు. దైవజనులు, అభిషిక్తులు ఏ సంఘ నియమావళిలోనూ పదవులు కావు, ఫ్లెక్సుల మీద పెరిగిన మాటలు.

బ్రాడీపేట దస్తావేజు రైటర్
ఆ డా. ఎవరిచ్చారో కూడా అడగండి. యూజీసీ చట్టం 1956, సెక్షన్ 22 ప్రకారం డిగ్రీ ఇవ్వాల్సింది చట్టంతో ఏర్పడిన విశ్వవిద్యాలయమో, డీమ్డ్ విశ్వవిద్యాలయమో, పార్లమెంటు చట్టంతో ప్రత్యేకంగా అధికారం పొందిన సంస్థో. బెంగాల్లోని శ్రీరాంపూర్ వేదాంత కళాశాల‌కి 1827లోనే డెన్మార్క్ రాజు చార్టర్ ఇచ్చాడు, దాని డిగ్రీలకి ఢోకా లేదు. హోటల్ హాల్లో శాలువాతో పాటు ఇచ్చే డాక్టరేటు అలాంటిది కాదు. రాతి మీద చెక్కాక తుడవలేరు, ఆలోచించుకోండి. ఇంకోటి. పేరు ముందు రెవ. ఉన్నంత మాత్రాన పెళ్లి చేసే అధికారం రాదు. 1872 క్రైస్తవ వివాహ చట్టం సెక్షన్ 5 కింద ఎపిస్కోపల్ ఆర్డినేషన్ (బిషప్ చేతుల మీదుగా జరిగే అభిషేకం) అయినా ఉండాలి, లైసెన్సు అయినా ఉండాలి. ఏ అధికారమూ లేకుండా పెళ్లి జరిపిస్తే సెక్షన్ 68లో పదేళ్ల దాకా జైలు.

ఏఇఎల్‌సి కుటుంబం
పటమట అన్నగారికి ఒక మాట. 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టిన మిషనరీ హయ్యర్‌ని లూథరన్లమైన మేమే ఫాదర్ హయ్యర్ అంటాం. ఎవరూ శాసించి పిలిపించింది కాదు. బిషప్ అన్న మాటకొస్తే, 1 తిమోతి 3లో తెలుగు బైబిల్ దానికి "అధ్యక్షుడు" అని వాడింది. మా ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం (ఏఇఎల్‌సి) 1927లో ఏర్పడినప్పుడు పెద్దకి ప్రెసిడెంట్ అనే పేరు, ఇప్పుడు బిషప్. తెలుగులో చెప్తే రెండూ అధ్యక్షుడే.

పటమట సహోదరుడు
ఎన్ని చెప్పినా, పేరు ముందు వరసలు పెరిగేది సంఘాన్ని గుప్పిట్లో పెట్టుకోవడానికే. బిరుదు కావాలన్నవాడు కాపరి కాడు.

చుట్టుగుంట మేరీ
అంత మాట అనకండి అన్నయ్యా. పల్లెల్లో మన తాతల్ని అరవై ఏళ్లు దాటినా కరణాలూ మునసబులూ "ఒరేయ్" అనే పిలిచారు. గుమ్మం బయటే నిలబెట్టారు. ఆ మనుషుల్లోంచి ఒకడు చదువుకుని, తెల్ల అంగీ వేసుకుని వస్తే ఊరంతా "అయ్యగారు" అనాల్సి వచ్చింది. ఆయన భార్య "అమ్మగారు" అయింది. ఆ పిలుపు మాకు ఊరికే రాలేదు. "అందరం సహోదరులమే" అని తేలిగ్గా అనగలిగేది ముందునుంచీ గారు అనిపించుకున్నవాళ్లే.

పటమట సహోదరుడు
చెల్లెమ్మా, అయ్యగారు అనొద్దని నేననను. అది జనం పెట్టిన పిలుపు. నా బాధ తనకి తాను పెట్టుకునేదాని మీద. సీఎస్ఐలోనో కథోలిక సంఘంలోనో బిషప్ అంటే ఆయన పైన ఎవరో ఉంటారు, బదిలీ ఉంటుంది, లెక్క అడిగే కమిటీ ఉంటుంది. సొంతంగా బిషప్ అయినవాడి పైన ఎవరున్నారు? కానుక లెక్క అడిగితే "అభిషిక్తుని ముట్టకూడదు" అని నోరు మూయిస్తున్నారు. నేను మొదటినుంచీ చెప్పాలనుకున్నది ఇదే, వచనం దగ్గర ఆగిపోయాను.

గుణదల విశ్వాసి
ఇది మొదటే అని ఉంటే మనకి గొడవే లేదు.

బ్రాడీపేట దస్తావేజు రైటర్
కమిటీ మెంబరు గారూ, ఫలకం సంగతి అలా ఉంచండి. స్థలం గిఫ్టు దస్తావేజు ఎవరి పేరున రాస్తున్నారు?

కొత్తపేట కమిటీ మెంబరు
ఇంకా రాయలేదండి. పాస్టరుగారి పేరున అనుకుంటున్నారు.

బ్రాడీపేట దస్తావేజు రైటర్
వద్దు. ఆయన పేరున రాస్తే ఆయన తర్వాత అది వారసుల ఆస్తి, సంఘానికి హక్కు ఉండదు. ముందు 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘాన్ని రిజిస్టర్ చేయించండి. కనీసం ఏడుగురు సభ్యులు, నియమావళి కావాలి. గిఫ్టు సొసైటీ పేరున, స్వీకరించేది కార్యదర్శి. సంతకాలయ్యాకే ఫలకం చెక్కించండి.

కొత్తపేట కమిటీ మెంబరు
ఆదివారం ఆరాధన తర్వాత కమిటీలో పెడతాను. ఫలకానికి ఇలా రాసుకున్నాం: పైన సంఘం పేరు, రిజిస్టర్ నంబరు. తర్వాత స్థలదాతల పేర్లు. కింద "సంఘకాపరి", ఆయన పేరు, ఆర్డినేషన్ అయిన సంవత్సరం.

చుట్టుగుంట మేరీ
పేరు చివర "గారు" ఉంచండి.

పటమట సహోదరుడు
ఉంచండి. స్థలదాతలకి కూడా.