నాన్నగారి తలలో రక్తపుగడ్డ: ఆపరేషన్‌తో పాటు పరిశోధనలోనూ చేర్చుకుంటామంటున్నారు, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న (తెనాలి వాసి)

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 74 ఏళ్లు. సుమారు రెండు నెలల క్రితం స్నానాలగదిలో కాలు జారి తల గోడకు కొట్టుకుంది. వాంతులు గానీ స్పృహ తప్పడం గానీ లేకపోవడంతో బొప్పి మీద ఐస్ పెట్టి ఊరుకున్నాం. ఈమధ్య నడుస్తుండగా ఎడమ కాలి చెప్పు జారిపోయినా ఆయనకు తెలియడం లేదు. పేపరు పట్టుకుంటే ఒకే వార్తను మళ్లీ మళ్లీ మొదటి నుంచి చదువుతున్నారు. సీటీ స్కాన్ తీయిస్తే కుడివైపు పుర్రెకూ మెదడుకూ మధ్య పాత రక్తం చేరి మెదడును నొక్కుతోందని, దీన్ని క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా అంటారని చెప్పారు. గుండెకు స్టెంటు ఉన్నందున ఆయన రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. వాటిని ఆపించి, ప్రభావం తగ్గాక వచ్చే వారం పుర్రెకు రంధ్రం చేసి రక్తం తీసేస్తామన్నారు.

ఇంతవరకూ మాకు సందేహం లేదు. అయితే నిన్న మరో డాక్టరుగారు వచ్చి, తమ ఆసుపత్రిలో ఒక క్లినికల్ పరిశోధన జరుగుతోందని, అందులో చేరిన వారందరికీ ఈ ఆపరేషన్ చేస్తారని, దాంతో పాటు సగం మందికి మాత్రం మెదడు పొరకు రక్తం అందించే ఒక ధమనిని మూసివేసే చికిత్స కూడా చేస్తారని చెప్పి, చాలా పేజీల పత్రం చేతికిచ్చారు. ఎవరికి చేయాలన్నది డాక్టరు కాకుండా కంప్యూటర్ నిర్ణయిస్తుందట. ఆ చికిత్స మంచిదైతే అందరికీ చేయవచ్చు కదా, మంచిదో కాదో తెలియనప్పుడు మా నాన్నగారికి ఎందుకు చేయాలి? ఖమ్మంలో ఉండే మా అక్క అయితే ఈ మాట వినగానే, మన మీద ప్రయోగాలు చేయనివ్వడానికి వీల్లేదని ఫోన్లోనే ఏడ్చింది. తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం 1 (న్యూరోసర్జన్, విశాఖపట్నం)

ముందుగా ఒక జాగ్రత్త చెప్పాలి. ఆపరేషన్ తేదీలోపు నాన్నగారు మగతగా పడుకుండిపోతున్నా, ఎడమ కాలూ చెయ్యీ ఇంకా బలహీనపడినా, తలనొప్పితో వాంతులు మొదలైనా, తేదీ కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకువెళ్లండి. పరిశోధన సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు. మీరు చెబుతున్న ఆసుపత్రితో గానీ, ఆ పరిశోధనతో గానీ నాకు సంబంధం లేదు.

వయసు మీదపడ్డాక మెదడు కొంత కుంచించుకుపోతుంది కాబట్టి చిన్న దెబ్బకే పొరల మధ్య రక్తం ఊరుతుంది. శరీరం ఆ రక్తాన్ని అరిగించుకునే ప్రయత్నంలో దాని చుట్టూ కొత్త పొరను అల్లుతుంది. ఆ పొరలో పుట్టే సన్నని రక్తనాళాలకు గట్టిదనం ఉండదు, అవి కారుతూనే ఉంటాయి. అందువల్లనే రంధ్రం చేసి రక్తమంతా కడిగేసినా కొందరిలో మళ్లీ చేరుతుంది. ఆ పొరకు రక్తాన్ని అందించేది మిడిల్ మెనింజియల్ ఆర్టరీ. తొడ దగ్గరో మణికట్టు దగ్గరో ధమనిలోకి సన్నని గొట్టాన్ని పంపి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ ఆ ఆర్టరీ దాకా చేరి, జిగురులాంటి ద్రవాన్నో సూక్ష్మమైన రేణువులనో ఎక్కించి మూసేస్తే ఊట ఆగుతుందన్నది ఈ చికిత్స వెనుక ఉన్న ఆలోచన.

ఆలోచన బాగుంది గనుక అందరికీ చేసేయవచ్చు కదా అన్నది మీ ప్రశ్న. ఇదే జబ్బులో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ కథ వినండి. పొరలో వాపు ఉంటుంది, స్టెరాయిడ్ వాపు తగ్గిస్తుంది కాబట్టి ఇస్తే రక్తం మళ్లీ చేరదని మా వృత్తిలో చాలామంది ఏళ్ల తరబడి నమ్మి రాసిచ్చారు. బ్రిటన్‌లో 748 మందిని యాదృచ్ఛికంగా రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి ఆ మందు, మరో వర్గానికి మందు లేని మాత్ర ఇచ్చి చూసి, 2020లో ఫలితాలు ప్రకటించారు. నమ్మినట్టే మళ్లీ ఆపరేషన్ అవసరమైనవారు మందు వాడిన వర్గంలో 1.7 శాతమే ఉన్నారు, రెండో వర్గంలో 7.1 శాతం ఉన్నారు. అక్కడితో లెక్క ఆపి ఉంటే ఈరోజు ప్రతి రోగికీ ఆ మందు పడేది. అయితే ఆరు నెలల తర్వాత ఎవరు తమ పనులు తాము చేసుకోగల స్థితిలో ఉన్నారని చూస్తే, మందు వాడని వర్గంలో 90.3 శాతం మంది ఉండగా, వాడిన వర్గంలో 83.9 శాతమే ఉన్నారు. రక్తపుగడ్డ విషయంలో గెలిచిన మందు మనిషి విషయంలో ఓడిపోయింది. రోగులను అలా విభజించి పోల్చి ఉండకపోతే ఈ సంగతి ఏ ఒక్క సర్జన్ అనుభవానికీ అందేది కాదు.

అలాగని ప్రతి పరిశోధనా చికిత్స ఓడిపోతుందని అనుకోవద్దు. ఆపరేషన్ తర్వాత మిగిలిన రక్తం బయటికి కారేలా లోపల డ్రెయిన్ గొట్టం ఉంచాలా వద్దా అని కేంబ్రిడ్జ్‌లో 215 మంది మీద పరిశీలించి 2009లో ప్రకటించిన ఫలితాల్లో, రక్తం మళ్లీ చేరడం గొట్టం లేనివారిలో 24 శాతం ఉంటే, గొట్టం ఉంచినవారిలో 9.3 శాతానికి తగ్గింది. ఆరు నెలల్లో మరణాలు కూడా సుమారు సగానికి తగ్గాయి. రేపు మీ నాన్నగారి తల పక్కన సంచీతో వేలాడే ఆ గొట్టం, అప్పట్లో ఎవరో ఒప్పుకుని చేరిన పరిశోధన వల్ల వచ్చిందే.

ఇక ధమని మూసివేత విషయం. 2024లో అమెరికాలోని ఎంబొలైజ్ పరిశోధన 400 మందిలో, 90 రోజుల లోపు మళ్లీ ఆపరేషన్ అవసరం కావడం 11.3 శాతం నుంచి 4.1 శాతానికి తగ్గిందని చూపింది. ఇది చిన్న లాభం కాదు. నా తల్లిదండ్రులకే ఈ పరిస్థితి వస్తే, రక్తం పలచబడే మాత్రలు మళ్లీ మొదలుపెట్టక తప్పని వారైతే, ఇటువంటి పరిశోధనలో చేర్చడానికి నేను వెనుకాడను.

సమాధానం 2 (బయోస్టాటిస్టిక్స్ పని, న్యూజెర్సీ)

డాక్టరుగారు స్టెరాయిడ్ గురించి చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ అదే కొలబద్దను ధమని మూసివేతకు ఆయన వాడలేదు. ఎంబొలైజ్‌లోనే 90 రోజుల మరణాలు మూసివేత జరిగిన వర్గంలో 5.1 శాతం, జరగని వర్గంలో 3.0 శాతం. ఇంత చిన్న సంఖ్యల్లో ఆ తేడా కాకతాళీయమే కావచ్చు, అయినా చెప్పకుండా దాటవేయదగినది కాదు. ఆ చికిత్స వల్లనే తీవ్రమైన హాని జరిగినవారు నలుగురు, వారిలో ఇద్దరికి అంగవైకల్యం మిగిల్చే పక్షవాతం వచ్చింది. అదే సంవత్సరం చైనాలో 722 మందితో జరిగిన మ్యాజిక్-ఎంటీ పరిశోధనలో, లక్షణాలతో రక్తం మళ్లీ చేరడమో పెరగడమో 9.9 శాతం నుంచి 6.7 శాతానికి తగ్గినా, ఆ తేడా గణాంకపరంగా నిలబడలేదు, అంటే అది కాకతాళీయం కాదని చెప్పలేం. తీవ్రమైన దుష్ఫలితాలు మాత్రం అక్కడ మూసివేత వర్గంలోనే తక్కువగా ఉన్నాయి. ఇదే చికిత్స మీద ఫ్రాన్స్‌లో జరిగి 2025లో వచ్చిన పరిశోధన ఫలితం కూడా నిర్ణయాత్మకంగా లేదు.

ఇంకొక సంగతి ఉంది. వీటిలో ఎవరికి ధమని మూసారో సర్జన్‌కు తెలుసు. మళ్లీ ఆపరేషన్ చేయాలా, ఇంకో వారం చూడాలా అన్నది ఆ సర్జన్ చేతిలోని నిర్ణయమే. ధమని మూసిన రోగి స్కాన్‌లో కొంచెం రక్తం కనిపిస్తే ‘తగ్గిపోతుందిలే’ అని ఆగడం, మూయని రోగి విషయంలో తొందరపడడం మానవ సహజం. కాబట్టి ‘మళ్లీ ఆపరేషన్’ అన్న కొలమానం పైకి కనిపించినంత గట్టిది కాదు. తెనాలి వాసిగారూ, మీ చేతిలోని పత్రంలో ‘ప్రధాన ఫలితం’ అన్న శీర్షిక కింద ఏం రాశారో చూడండి. అక్కడ ఆరు నెలల తర్వాత రోగి ఎలా బతుకుతున్నాడన్నది కొలుస్తామని ఉంటే ఆ పరిశోధన మీద నాకు గౌరవం పెరుగుతుంది. ఆ ద్రవాన్ని తయారు చేసే కంపెనీయే డబ్బు పెడుతోందా అన్నది కూడా చదవండి. కంపెనీ డబ్బు ఉన్నంత మాత్రాన తప్పు పరిశోధన అయిపోదు, కానీ తెలిసి సంతకం చేయడం వేరు.

సమాధానం 3 (పరిశోధనల్లో రోగుల హక్కులను చూసే ఎథిక్స్ కమిటీలో సామాన్య సభ్యురాలు, హైదరాబాద్)

మీ అక్కగారి కన్నీళ్లకు కారణం ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో హాస్టళ్లలో చదువుకునే గిరిజన బాలికలకు ఒక పరిశోధనలో భాగంగా హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా వేసేది) వేసినప్పుడు, రెండు వేలకు పైగా అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారని పార్లమెంటరీ స్థాయీ సంఘం తన నివేదికలో తప్పుబట్టింది. ఆ ప్రాంతంవారికి ‘ప్రయోగం’ అన్న మాట వినగానే గుండె ఝల్లుమనడంలో వింత లేదు. ఆ తర్వాత నిబంధనలు చాలా బిగుసుకున్నాయి గానీ, కాగితం మీది నిబంధన మంచం పక్కన అమలైందా లేదా అన్నది చూసుకోవలసింది మాత్రం మీరే.

అన్నిటికంటే ముందు ఒక మాట. మీ ప్రశ్న మొత్తంలో ‘మాకు’, ‘మేము’ అని ఉంది తప్ప, నాన్నగారు ఏమన్నారో లేదు. మన ఇళ్లలో తండ్రి ఆసుపత్రిలో చేరగానే కొడుకు పెన్ను తీయడం అలవాటు. కానీ రోగికి విషయం అర్థం చేసుకునే శక్తి ఉంటే సంతకం ఆయనదే కావాలి. కొడుకు సంతకం చాలదు. ఒకే వార్తను మళ్లీ మళ్లీ చదువుతున్నారంటే జ్ఞాపకం తగ్గి ఉండవచ్చు. అందుకే డాక్టరు ఆయనతో మాట్లాడి, విన్నదాన్ని తన మాటల్లో తిరిగి చెప్పమని అడగాలి. చెప్పగలిగితే ఆయనే నిర్ణయిస్తారు. చెప్పలేకపోతే అప్పుడు చట్టం ఒప్పుకునే ప్రతినిధిగా మీరు చేస్తారు. కోలుకున్నాక ఆయనను మళ్లీ అడిగే ఏర్పాటు ఉందా అని కూడా కనుక్కోండి. ఈ జబ్బులో ఆపరేషన్ తర్వాత తెలివి తేటపడేవారు చాలామంది ఉంటారు.

పత్రం తెలుగులో ఉండాలి, దాని నకలు మీ దగ్గర ఉండాలి. క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ - ఇండియా నమోదు సంఖ్య అడిగి తీసుకుని, వెబ్‌సైట్‌లో మీరే వెతికి చూడండి; అది ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ధమని మూసివేత ఖర్చు ఎవరిదో, పరిశోధన కోసం అదనంగా తీసే స్కాన్ల ఖర్చు ఎవరిదో విడివిడిగా రాసి ఉండాలి. పరిశోధన వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఎలా అందుతాయన్నది, ఎప్పుడైనా కారణం చెప్పకుండా తప్పుకోవచ్చునన్నది, తప్పుకున్నా మామూలు చికిత్సలో లోటు రాదన్నది స్పష్టంగా కనిపించాలి. ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు చివరి పేజీలో ఉంటుంది, దానికి నిరభ్యంతరంగా ఫోన్ చేయవచ్చు. మా కమిటీకి రోగుల బంధువుల నుంచి ఫోన్లు రావడం చాలా అరుదు, అది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

సమాధానం 4 (తల్లి ఇటువంటి పరిశోధనలో చేరినవారు, వరంగల్)

మా అమ్మగారు వేరే మెదడు ఆపరేషన్‌కు సంబంధించిన పరిశోధనలో అదనపు చికిత్స లేని వర్గంలో ఉన్నారు. మొదట్లో మనకు తక్కువ దొరికిందన్న భావన కలిగింది. కానీ ఆ వర్గంలో ఉన్నందుకు ఆమెను ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు. నిజానికి మామూలుగా అయితే ఎవరూ చేయని ఫోన్లు మాకు వచ్చేవి. మూడో నెలలో ఒకమ్మాయి ఫోన్ చేసి, అమ్మ స్నానం తనే చేస్తుందా, కొట్టుకు ఒక్కతే వెళ్లి చిల్లర సరిచూసుకుని వస్తుందా, దెబ్బకు ముందు చేసిన పనుల్లో ఏది మానేసింది అని ఒక్కొక్కటే అడిగింది. నేను జవాబు చెబుతుంటే ఆపి, ఫోన్ అమ్మకే ఇవ్వమంది. ఏ వర్గంలో ఉన్నారో మాత్రం తనకు చెప్పవద్దని ముందే హెచ్చరించింది.

ఇబ్బంది ఒక్కటే. ప్రతి పరీక్షకూ ఊరి నుంచి కారు మాట్లాడుకుని వెళ్లాల్సి వచ్చేది, ప్రయాణ ఖర్చు ఇస్తామన్న ఆసుపత్రి ఆ డబ్బు ఇవ్వడానికి చాలా నెలలు తీసుకుంది. ఎంత ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు అన్నది ముందే రాయించుకోండి.

తెనాలి వాసి

అందరికీ కృతజ్ఞతలు. పత్రం మళ్లీ చదివాం. ప్రధాన ఫలితం మూడు నెలల్లో మళ్లీ ఆపరేషన్ అవసరం కావడం అని, రోజువారీ పనుల సామర్థ్యాన్ని రెండో ఫలితంగా ఆరు నెలలకు కొలుస్తామని ఉంది. నమోదు సంఖ్య వెబ్‌సైట్‌లో దొరికింది. డాక్టరుగారు నాన్నగారి పక్కన కూర్చుని దాదాపు అరగంట మాట్లాడారు. నాన్నగారు విన్నదంతా తిరిగి చెప్పి, ఆ ధమని మూస్తే కంటికి ఏమైనా అవుతుందా అని అడిగారు. ఈ ప్రశ్న మాకెవరికీ తట్టలేదు. రేపు ఆయనే నిర్ణయం చెబుతానన్నారు. స్టెంటు కోసం వాడే మాత్రలు ఆపరేషన్ తర్వాత ఎప్పుడు మొదలుపెట్టాలన్నది కూడా ఈ పరిశోధనే నిర్ణయిస్తుందా?

న్యూరోసర్జన్, విశాఖపట్నం

న్యూజెర్సీ మిత్రులు చెప్పిన మరణాల లెక్క నేను కూడా రాయవలసింది. కొలమానం గురించి వారన్నదీ సమంజసమే.

నాన్నగారి ప్రశ్న సరైనది. ఆ ధమనికీ కంటికి రక్తం అందించే నాళానికీ మధ్య కొందరిలో పుట్టుకతోనే చిన్న కలయికలు ఉంటాయి, ద్రవం అటు జారితే చూపు దెబ్బతింటుంది. ముఖ కండరాలను నడిపే నరానికి రక్తం ఇచ్చే కొమ్మ కూడా దీని నుంచే వస్తుంది. అందుకే ద్రవం ఎక్కించే ముందు రంగుమందుతో ఆ నాళాల పటం తీసి చూస్తారు. ప్రమాదకరమైన కలయిక కనిపిస్తే కంప్యూటర్ ఏ వర్గంలో వేసినా మూసివేత మానేసే స్వేచ్ఛ డాక్టరుకు ఉందా అని అడగండి. ఆ వాక్యం పత్రంలో ఉండాలి.

మాత్రల విషయం పత్రంలో వేరుగా రాసి ఉంటే తప్ప పరిశోధన నిర్ణయించదు. స్టెంటు ఎప్పుడు వేశారు, ఏ రకం, ఒక మాత్ర చాలునా, రెండూ కావాలా అన్నది మీ గుండె డాక్టరు చెప్పాలి. తలలో మళ్లీ రక్తం చేరలేదని స్కాన్ చూసి న్యూరోసర్జన్ చెప్పాలి. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుని, తేదీని డిశ్చార్జి సమ్మరీలో రాసి ఇచ్చేలా చూసుకోండి. ఇంటికి వెళ్లాక మీ అంతట మీరు ఆ మాత్రలు మొదలుపెట్టడం గానీ, భయపడి మానేయడం గానీ చేయవద్దు.