టాప్ 40లో ఆ 40 ఎక్కడిది?

అమెరికా రేడియో ఫార్మాట్ల (అంటే స్టేషన్ ఎలాంటి పాటలు వేస్తుందో ఆ పద్ధతుల) పేర్లు ఎలా పుట్టాయో తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అండి. క్వైట్ స్టార్మ్ సంగతి తెలుసు, 1976లో వాషింగ్టన్‌లో హోవార్డ్ యూనివర్సిటీ స్టేషన్‌లో మెల్విన్ లిండ్సే రాత్రిపూట మెల్లటి సోల్ పాటలు వేసేవాడు, స్మోకీ రాబిన్సన్ 1975 ఆల్బమ్ పేరే ఆ షోకి పెట్టారు, తర్వాత అదే ఫార్మాట్ పేరైపోయింది, ఎంత బాగుందో ఆ పేరు.

నా డౌటల్లా టాప్ 40 గురించే, అంటే అప్పటి హిట్ పాటలనే మళ్లీ మళ్లీ వేసే ఫార్మాట్. ఒమాహాలో రేడియో స్టేషన్ నడిపిన టాడ్ స్టోర్జ్, జనం జ్యూక్‌బాక్స్‌లో (నాణెం వేస్తే కోరిన రికార్డు వినిపించే మెషీన్) అవే పాటలు మళ్లీ మళ్లీ వేసుకోవడం చూసి 1950ల్లో మొదలెట్టాడంటారు, సరే, కానీ 30 కాదు 50 కాదు 40 ఎందుకు? జ్యూక్‌బాక్స్‌లో పట్టే రికార్డుల లెక్కా, లేక ఒక్కో అనౌన్సర్ డ్యూటీలో వేయగలిగే పాటల లెక్కా? అప్పటి రేడియోవాళ్ల ఇంటర్వ్యూ గానీ పాత పత్రిక గానీ మీకు తెలిస్తే చెప్పండి ప్లీజ్.