సమస్య: “ప్రాణములఁ దీయు యంత్రమే ప్రాణసఖుఁడు”

నిర్వాహకుడు: తేటగీతి చివరి పాదాన్ని ఇస్తున్నాను. సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దలు తాము మోసిన రైఫిలును తలచుకునే తీరే దీనికి వస్తువు. మన సిపాయిలకు ఆ తలపు తప్ప మరేమీ మిగలదు. అమెరికాలో పాత ఎం1 గరాండ్ రైఫిళ్లను సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ ద్వారా పౌరులు కొనుక్కోవచ్చు. ఇక్కడ 303 వంటి సైనిక తూటా పట్టే తుపాకికి పౌరులకు సాధారణంగా లైసెన్సు దొరకదు కనుక, కొలువు ముగిసిన నాడు దానిని కోత్‌లో, అంటే ఆయుధాగారంలో, అప్పగించి రావలసిందే. ఈ ఎడబాటును మరువకుండా పూరించండి.

మొదటి పూరణ:

మంచు కొండల నడిరేయి మాటు వేసి
కన్ను మూయక కాచితిఁ గౌఁగిలించి;
చలికి నాతోడ వణకిన సైనికుండు
ప్రాణములఁ దీయు యంత్రమే ప్రాణసఖుఁడు.

నిర్వాహకుడు: గణాలూ యతులూ చక్కగా కుదిరాయి. ‘కన్ను–గౌఁగి’ యతి వినసొంపుగా ఉంది. చదవగానే 1962 చైనా యుద్ధంలో నవంబరు 18న లడఖ్‌లోని రెజాంగ్ లా కనుమ వద్ద, పదహారు వేల అడుగులకు పైబడిన ఎత్తులో, 13 కుమావూన్ బెటాలియన్ చార్లీ కంపెనీ జవాన్లు 303 రైఫిళ్లతో నిలిచిన తీరు గుర్తుకొచ్చింది. ఆ తుపాకితో ఒక్కో తూటాకూ బోల్టును పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, మళ్లీ కిందికి దించాలి. గడ్డకట్టిన వేళ్లతో ఆ పని ఎంత కష్టమో ఊహించండి. అయితే ‘ప్రాణములఁ దీయు’ అన్న మాటకు పద్యంలో సమాధానం లేదు. చలిలో తోడున్నది కంబళి అయినా ఈ మూడు పాదాలూ చెల్లుతాయి. సమస్యలోని విరోధాన్ని విప్పకుండా పక్కన పెట్టిన పూరణ ఇది.

రెండవ పూరణ:

పేరు లేదు, దానికి బట్టుమీది యంకె;
చిందిగుడ్డకు నూనెను జిలుకరించి
నిత్య మద్దమై మెఱయంగ నిమురుచుంటి;
ప్రాణములఁ దీయు యంత్రమే ప్రాణసఖుఁడు.

నిర్వాహకుడు: బట్టు అంటే భుజానికి ఆనించే తుపాకి వెనుక భాగం. తొలి పాదంలో యతి తప్పింది. ‘పే’కు ‘మీ’ చెల్లదు. అచ్చులు కలిసినా హల్లులు కలవాలి గదా. ‘పేరు లేదు, బట్టును జూచి పిలుతు నంకె’ అంటే యతి నిలుస్తుంది, ఆ మాటకు చలనమూ వస్తుంది.

ఒక మాజీ హవల్దారు: దోషం ఉన్నా నాకు ఈ పద్యమే నచ్చింది. 303 బట్టు చివర ఇత్తడి పలకలో చిన్న మూత ఉంటుంది. దాన్ని తెరిస్తే లోపల నూనె సీసా, పుల్‌త్రూ తాడు ఉంటాయి. చిందీని, అంటే గుడ్డపీలికను, తాడుకు కట్టి గొట్టంలోంచి లాగి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూసినప్పుడు లోపలి గాడులు మెరిస్తేనే ఆ పూట పని ముగిసినట్టు. మా ఊరి పెద్దలు యుద్ధం గురించి అడిగితే మాట దాటవేసేవారు గానీ, బట్టు నంబరు అడిగితే తడుముకోకుండా చెప్పేవారు. ఏళ్ల తరబడి సాకిన వస్తువు మీద మమకారం కలగడానికి దానితో ఎవరినైనా చంపి ఉండనక్కరలేదు.

మూడవ పూరణ:

ఆయుధాగారమునఁ జేర్చి, యంకె చెప్పి,
వట్టి చేతుల నిలు సేరువాని కెపుడు
మిత్రులం గావఁ బగవారి మీదఁ గురిసి
ప్రాణములఁ దీయు యంత్రమే ప్రాణసఖుఁడు.

నిర్వాహకుడు: సమస్యకు నిజమైన పూరణ ఇదే. ‘గురిసి’ అన్న క్త్వార్థకం (‘చేసి’ వంటి అసమాపక క్రియ) నేరుగా ‘దీయు’తో అన్వయించడం వల్ల ఇచ్చిన పాదం అతుకులా కాక, మూడవ పాదంలోంచే పుట్టినట్టుంది. ప్రాణం తీయడానికీ సఖ్యానికీ నడుమ ‘మిత్రులం గావ’ అన్న కారణం నిలిచింది. అన్నిటికంటే ‘యంకె చెప్పి’ నన్ను కదిలించింది. అప్పగింతలో రిజిస్టరు కోసం పలికే ఆ అంకె ఇక్కడ వీడ్కోలు మాటగా మారింది.

మాజీ హవల్దారు: ఒక్క సందేహం. పది తూటాల మ్యాగజీను, ప్రతి తూటాకూ బోల్టు పని ఉన్న 303కు ‘కురియడం’ పొసగదు. ‘మీదఁ బేలి’ అంటే గణమూ యతీ చెడవు, నిజమూ చెడదు.

మూడవ పూరణకర్త: మీరు చూపిన సవరణ 303కు సరిగ్గా సరిపోతుంది. అయితే నేను మోసినది ఇషాపూర్ ఫ్యాక్టరీ 7.62 ఎస్‌ఎల్‌ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్). దాని మ్యాగజీనులో ఇరవై తూటాలు పడతాయి. ఒకటి పేలగానే మరొకటి తనంతట తానే ఛాంబరులోకి వస్తుంది. అందుకే ‘గురిసి’ అన్న మాటనే ఉంచుతున్నాను.