గొప్ప కోచ్ వెళ్లిపోయాక ఆ స్థానంలోకి వచ్చేవారికి నిజంగా అవకాశం ఉంటుందా?

ప్రశ్న

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ చరిత్ర చదువుతుంటే జీన్ బార్టో కథ దగ్గర ఆగిపోయాను. జాన్ ఉడెన్ 1975లో యూసీఎల్ఏ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) కోచ్‌గా విరమించే నాటికి, పన్నెండేళ్లలో 10 జాతీయ టైటిళ్లు సాధించి ఉన్నారు. ఆయన తర్వాత వచ్చిన బార్టో రెండు సీజన్లలో 52 మ్యాచ్‌లు గెలిచి 9 మాత్రమే ఓడిపోయారు, మొదటి ఏడాదే జట్టును ఫైనల్ ఫోర్‌కు, అంటే జాతీయ టోర్నమెంటులో చివరి నాలుగు జట్ల దశకు చేర్చారు. అయినా అభిమానులు తృప్తిపడలేదు. 1977లో ఆయన బర్మింగ్‌హామ్‌లోని అలబామా విశ్వవిద్యాలయంలో కొత్త జట్టును నిర్మించడానికి వెళ్లిపోయారు. ఇంత చేసినా చాలనప్పుడు ఎవరిని ఎంపిక చేయాలి? పాత కోచ్ దగ్గర పనిచేసిన సహాయకుడినా, బయటి వ్యక్తినా?

మొదటి సమాధానం

సహాయకుడే మేలని నా అభిప్రాయం, అందుకు నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాన్ని చూపిస్తాను. 879 విజయాలతో అక్కడి కోచ్ డీన్ స్మిత్ 1997 అక్టోబరులో, సీజన్ సాధన మొదలయ్యే ముందు, హఠాత్తుగా విరమించారు. మూడు దశాబ్దాలు ఆయన పక్కనే ఉన్న బిల్ గత్రిజ్ బాధ్యత తీసుకుని, మూడు సీజన్లలో రెండుసార్లు ఫైనల్ ఫోర్‌కు చేరారు. స్మిత్ పేరే పెట్టిన స్టేడియంలో ప్రతి మ్యాచ్‌నూ నడిపించడం ఎంత బరువైన పనో ఊహించండి. గత్రిజ్ తర్వాత వచ్చిన మ్యాట్ డోహర్టీ, అక్కడి పూర్వ ఆటగాడే అయినా, 2001–02 సీజన్‌లో 8 గెలిచి 20 ఓడారు.

రెండవ సమాధానం

పై మిత్రులు చెప్పిన వివరాలతో ఏకీభవిస్తాను కానీ, ముగింపుతో కాదు. డ్యూక్ విశ్వవిద్యాలయంలో జాన్ షయర్, విలనోవా విశ్వవిద్యాలయంలో కైల్ నెప్ట్యూన్ ఇద్దరూ తమ గురువుల దగ్గర సహాయకులుగా పనిచేసినవారే, ఇద్దరూ 2022లోనే పగ్గాలు చేపట్టారు. షయర్ 2025లో ఫైనల్ ఫోర్‌కు వెళ్లారు. నెప్ట్యూన్ మూడు సీజన్లలో ఒక్కసారీ జాతీయ టోర్నమెంటుకు చేరలేక అదే ఏడాది ఉద్యోగం కోల్పోయారు. తేడా ఎక్కడుందంటే, డ్యూక్ కోచ్ మైక్ షషెఫ్‌స్కీ తన విరమణను 2021 జూన్‌లోనే ప్రకటించి చివరి సీజన్ ఆడిస్తుండగా, షయర్ వచ్చే ఏటి ఆటగాళ్లను సమకూర్చుకున్నారు. రెండు టైటిళ్లు గెలిచిన విలనోవా కోచ్ జే రైట్ మాత్రం 2022 ఏప్రిల్‌లో, సీజన్ ముగిసిన కొద్ది రోజులకే తప్పుకున్నారు. వారసుడికి దొరికే వ్యవధే అన్నిటికన్నా ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రశ్న అడిగినవారు

మరి గత్రిజ్ గారికి వ్యవధే దొరకలేదు కదండీ? ఆయన ఎలా నిలబడ్డారు?

మూడవ సమాధానం

మంచి ప్రశ్న. గత్రిజ్ చేతికి వచ్చిన జట్టులో ఆంటాన్ జేమిసన్, విన్స్ కార్టర్ వంటి మేటి ఆటగాళ్లు ఉన్నారు. ఆ రోజుల్లో కాలేజీ మారిన ఆటగాడు సాధారణంగా ఒక సీజన్ ఖాళీగా కూర్చోవలసి వచ్చేది కాబట్టి, కోచ్ మారినా జట్టు చెదిరేది కాదు. అందువల్ల మొదటి వారసుడు పాత పంటనే కోసుకునేవాడు. కొత్త ఆటగాళ్లను తేవడంలో లోటు ఉంటే అది రెండు మూడేళ్ల తర్వాతే బయటపడేది, డోహర్టీ ఇబ్బందుల్లో కొంత భాగం అదేనని నాకనిపిస్తుంది. 2021లో ఆ ఒక సీజన్ నిరీక్షణ తొలగిపోయింది, అదే సంవత్సరం ఆటగాళ్లు తమ పేరు ప్రతిష్ఠలతో డబ్బు సంపాదించుకునే హక్కూ వచ్చింది. ఇప్పుడు కోచ్ వెళితే ఆటగాళ్లూ బయటి దారి చూడవచ్చు.

బార్టో విషయానికొస్తే, 1976 ఫైనల్ ఫోర్‌లో ఆయనను ఓడించిన ఇండియానా ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడని జట్టు. అలాంటి జట్టు చేతిలో ఓటమిని వైఫల్యంగా లెక్కించడం అన్యాయం. ఉడెన్ తర్వాత యూసీఎల్ఏ తొలి టైటిల్ 1995లో, జిమ్ హారిక్ హయాంలో వచ్చింది. బార్టోను లెక్కలోకి తీసుకుంటే హారిక్ ఆరవ వారసుడు.