ఇన్-హౌస్ లీగల్ టీమ్ వల్ల కంపెనీకి ఎంత లాభమో సీఎఫ్ఓకి ఎలా చూపించాలి?

బాలానగర్_లీగల్:
అందరికీ నమస్కారమండీ. మాది హైదరాబాద్‌లో మెషిన్ పార్టులు చేసే మధ్యరకం కంపెనీ, కంపెనీ సొంత (ఇన్-హౌస్) లీగల్ టీమ్‌లో ఇద్దరమే ఉన్నాం. మొన్న బడ్జెట్ మీటింగ్‌లో మా సీఎఫ్ఓ (ఫైనాన్స్ హెడ్) గారు, సేల్స్ వాళ్లు ఆర్డర్లు తెస్తున్నారు, పర్చేజ్ వాళ్లు రేట్లు తగ్గిస్తున్నారు, మీ వల్ల ఏం వచ్చిందో ఒక్క పేజీలో చూపించండి, లేదంటే పనంతా బయట లాయర్లకి ఇచ్చేద్దాం అన్నారు. ఇన్ని అగ్రిమెంట్లు చూశాం, ఇన్ని నోటీసులకి రిప్లై ఇచ్చాం అని లిస్ట్ ఇస్తే చూడను కూడా చూడలేదు. అసలు రాకుండా ఆపిన గొడవకి లెక్క ఎలా కట్టాలి?

లెడ్జర్_మనిషి:
నేను ఫైనాన్స్ వాడినే కాబట్టి సూటిగా చెప్తున్నా, "మేం లేకపోతే కోట్లు పోయేవి" అని మాత్రం రాయకండి, ఎవరూ నమ్మరు. మా పుస్తకాల్లో ఆల్రెడీ ఉన్న అంకెల్నే పట్టుకోండి. ఉదాహరణకి చిన్న సప్లయర్ల పేమెంట్లు. చిన్న, మధ్యతరహా సంస్థల కోసం తెచ్చిన 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వక అగ్రిమెంట్ ఉంటే 45 రోజుల దాకా టైముంది, లేకపోతే 15 రోజులే. దాటితే ఆర్‌బీఐ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడింతల చక్రవడ్డీ. పైగా 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇన్‌కమ్ ట్యాక్స్ రూల్ (1961 చట్టంలో 43బి(హెచ్)) వల్ల గడువు దాటి బాకీ ఉన్న బిల్లు, డబ్బు కట్టిన సంవత్సరంలోనే ఖర్చు కింద చూపించుకోవాలి. అంటే మీరు సప్లయర్లందరితో సంతకాలు పెట్టించిన ఆ ఒక్క అగ్రిమెంట్ కాగితం వల్ల డబ్బు ఇంకో 30 రోజులు మా చేతిలో ఉంటుంది. ఇది ఏ సీఎఫ్ఓకైనా వెంటనే అర్థమవుతుంది.

పాతికేళ్ల_కాంట్రాక్ట్:
పై ఆయన చెప్పింది కరెక్ట్. రావాల్సిన బాకీలు కూడా కలపండి. చెక్ బౌన్స్ అయిందని బ్యాంక్ చెప్పాక 30 రోజుల్లో నోటీస్ వెళ్లాలి, బ్యాంక్ పంపిన ఆ మెమో అకౌంట్స్ సెక్షన్ డ్రాయర్లో పడుంటే బయట లాయర్‌కి ఎలా తెలుస్తుంది చెప్పండి. బాకీకి మూడేళ్ల లిమిటేషన్ (కేసు వేయడానికి ఉన్న గడువు) దగ్గర పడుతుంటే అది ముగిసేలోపే కస్టమర్ సంతకంతో బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ (ఇంత బాకీ ఉన్నామని ఒప్పుకునే కాగితం) తీసుకుంటే మళ్లీ కొత్తగా మూడేళ్లు మొదలవుతాయి. అలా ఎంత బాకీని బతికించారో ఏ బాకీ ఎన్నాళ్లుగా ఉందో చూపే ఏజింగ్ రిపోర్ట్ పక్కనే చూపించండి. ఇంకోటి, బయటి లాయర్ల బిల్లులు సున్నా చేస్తామని మాటివ్వకండి, బార్ కౌన్సిల్ రూల్ 49 ప్రకారం ఫుల్‌టైమ్ జీతం తీసుకునే ఉద్యోగి అడ్వకేట్‌గా ప్రాక్టీస్ చేయకూడదు కదా, కోర్టుకి బయటివాళ్లు ఎలాగూ కావాలి. కేసుకి ఎంత అవుతోంది, పోయినేడాది ఎంత అయింది, అది చాలు.

సేల్స్_సైడ్:
మాకు కావాల్సింది ఒక్కటే, డ్రాఫ్ట్ పంపాక సంతకానికి ఎన్ని రోజులు పడుతోంది. అది కొలవండి.

పాతికేళ్ల_కాంట్రాక్ట్:
రోజులొక్కటే కొలిస్తే చదవకుండా పంపేయడం మొదలవుతుంది సర్. డెలివరీ లేటైతే వారానికి ఇంత శాతం అని కస్టమర్ మన బిల్లులోంచి కోసుకునే క్లాజ్ ఉంటుంది చూడండి, దానికి పైపరిమితి పెట్టించారా లేదా, ఆ పేరుతో వచ్చిన డెబిట్ నోట్లు (ఇంత కోసుకున్నామని కస్టమర్ పంపే కాగితాలు) ఏడాదికేడాది తగ్గాయా, అదీ పక్కనే పెట్టండి.

బాలానగర్_లీగల్:
చాలా థాంక్సండీ అందరికీ. డెబిట్ నోట్ల ఫైల్ అకౌంట్స్‌లోనే ఉంది, రేపే అడుగుతా. సప్లయర్లలో ఎవరికి అగ్రిమెంట్ లేదో ఆ లిస్ట్ కూడా పర్చేజ్ వాళ్ల దగ్గర తీసుకుంటా.