రంగం పెట్టె: గీకించి కొత్తగా చేయించాలా, పాత పూత ఉంచి బాగుచేయించాలా?

పలాస మనవరాలు:
మా ఇంట్లో ఒక భోషాణం ఉంది. రంగూన్‌ని మావైపు రంగం అనేవారు కదా, మా ముత్తాత అక్కడ కూలిపనికి వెళ్ళి, 1942లో జపాన్ సైన్యం ఆ ఊరు పట్టుకోకముందే ఓడలో తెచ్చుకున్నారు. బర్మా టేకు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా తీరం దాటినప్పుడు ఇంటి పెంకులు లేచిపోయి, ఈ పెట్టె రెండు రోజులు నీళ్ళలో నానింది. అడుగు పలక పాడైపోయింది. ఒక మూల అతుకు విడింది. మూత మీద తెల్లగా పొగలాంటి మచ్చ కట్టింది.

ఇప్పుడు అన్నయ్య కొత్త ఇల్లు కట్టాడు. మొత్తం మిషన్‌తో గీకించి, పీయూ పాలిష్ (పాలీయురేథేన్, ప్లాస్టిక్‌లాంటి గట్టి మెరుపు పూత) కొట్టించి హాల్లో పెడదామంటున్నాడు. అమ్మ ఒప్పుకోవడం లేదు. మూత లోపలివైపు మా మామ్మ ఏటా సంక్రాంతికి పెట్టిన పసుపు బొట్లు వరసలు వరసలుగా ఉన్నాయి. గీకితే అవి పోతాయి. నేను అమ్మ వైపే ఉన్నాను, కానీ అన్నయ్య మాట కొట్టిపారెయ్యలేకపోతున్నాను. మీరేమంటారు?

నరసన్నపేట వాసి:
మీ అన్నయ్య చెప్పిందే మంచిదమ్మా. మా ఇంట్లో పందిరి మంచం ఉండేది. తాతగారి జ్ఞాపకం, ముట్టుకోవద్దు అంటూ వెనక గదిలో పెట్టేశాం. పదేళ్ళ తరవాత చూస్తే కోళ్ళు పుచ్చిపోయి, చేత్తో నొక్కితే పిండి రాలింది. చివరికి నీళ్ళ పొయ్యిలోకి పోయింది. ఇప్పటికీ తలుచుకుంటే బాధే. హాల్లో రోజూ కళ్ళ ముందుంటే తుడుస్తారు, పురుగు పడితే వెంటనే కనబడుతుంది.

రాజాం వడ్రంగి ఇంటి అబ్బాయి:
హాల్లో పెట్టాలన్నది నేనూ ఒప్పుకుంటాను. గీకించడమే వద్దంటున్నాను.

ముందు ఆ పాత పూత ఏమిటో చూడండి. దూదికి కొంచెం స్పిరిట్ తడిపి పెట్టె వెనకవైపు కనబడని చోట రుద్దండి. జిగటగా అయ్యి దూదికి రంగు అంటితే అది లక్క పాలిష్. లక్కని స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పూత మీద పూత పట్టించేవారు. అదే అయితే మీ తెల్ల మచ్చ చాలావరకు పూతలో చిక్కుకున్న తేమే. గుడ్డకి స్పిరిట్ తగిలీ తగలనట్టు అద్ది, తేలిగ్గా ఒక్కసారి తుడిచి ఆపండి. ఆరాక మళ్ళీ. ఎక్కువ తడిపితే పూతే ఊడి వస్తుంది, జాగ్రత్త.

టేకుకి ఆ ముదురు రంగు ఏళ్ళ తరబడి గాలీ వెలుతురూ తగిలి వస్తుంది. ఉండేది పైపొరలోనే. మిషన్ ఆ పొరని పది నిమిషాల్లో లేపేస్తుంది, కింద లేత చెక్క బయటపడుతుంది. రంగు కలిపి కొడితే పక్కింటి కొత్త తలుపులాగే ఉంటుంది. ఇంకోటి, లక్క మీద మళ్ళీ లక్క పడితే కొత్త పూత పాతదాన్ని కరిగించుకుని కలిసిపోతుంది. పీయూ అలా కలవదు. అది గీతలు పడితే మళ్ళీ గీకాల్సిందే.

విడిన మూలకి మేకులు కొట్టనివ్వకండి, చెక్క చీలుతుంది. అప్పటి జిగురు తోలు, ఎముకలు ఉడికించి చేసినదైతే గోరువెచ్చని తడిగుడ్డతో మెత్తబడుతుంది. అది పూర్తిగా తీశాకే ఫెవికాల్ పెట్టి, క్లాంపులు బిగించి ఒక రోజు వదలాలి. పాత జిగురు మీద ఫెవికాల్ పట్టదు.

అడుగు పలక మాత్రం మార్చేయండి. అది టేకేనా? కనబడని చోట తక్కువ రకం చెక్క వేసేవారు. కొత్త పలకని నాలుగు వైపులా జిగురుతో బిగించొద్దు, గాడిలో కొంచెం ఖాళీ ఉండాలి. మన సముద్రపు గాలికి వానల్లో చెక్క ఉబ్బుతుంది, వేసవిలో కుంచించుకుంటుంది.

నరసన్నపేట వాసి:
తమ్ముడూ, చెప్పడం బాగుంది. లక్క పాలిష్ పట్టే మేస్త్రి ఎక్కడ దొరుకుతున్నాడు? మాకు దొరికేవాళ్ళంతా స్ప్రే గన్‌తో కొట్టేవాళ్ళే. పైగా లక్క మీద వేడి టీ గ్లాసు పెడితే మచ్చ పడుతుంది. చిన్నపిల్లలున్న ఇల్లు.

విజయనగరం టీచర్:
మా ఊరి పైడితల్లి అమ్మవారి పండగలో పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, సిరిమాను చూడండి. ఏటా కొత్త చింతమానే తెస్తారు. మాను మారిందని అమ్మవారి పండగ మారిందా? వంశంలో వస్తువూ అంతే అనుకుంటాను. వాడకం సాగితే చాలు, చెక్క మారితే నష్టం లేదు.

రాజాం వడ్రంగి ఇంటి అబ్బాయి:
మేడమ్, సిరిమాను ఏటా కొత్తది కావడమే అక్కడి ఆచారం. ఈ పెట్టెకి అలాంటి ఆచారం లేదు. వీళ్ళ మామ్మ వేలితో పెట్టిన బొట్టు ఇంకోసారి పెట్టించలేం. టీ గ్లాసు మాట నిజమే అన్నయ్యా, కాదనను. తేనెమైనం రాసి, పైన ఒక గుడ్డ పరవడమే దారి.

పలాస మనవరాలు:
దూది పరీక్ష చేశాను. లక్కే. మచ్చ మీద మూడుసార్లు తుడిస్తే సగం తగ్గింది.

అడుగు పలక మామిడి చెక్క! అమ్మని అడిగితే, మా తాతయ్య ఒకసారి మార్పించారట. ఇది విని అన్నయ్య, తాతయ్య మార్చగా లేనిది నేను మారిస్తే తప్పా అన్నాడు. అమ్మ ఒకటే మాటంది: ఆయన పుచ్చింది మార్చారు, మూత జోలికి పోలేదు. దానికి అన్నయ్య ఏమీ అనలేదు. మూత తెరిచి బొట్లు చాలాసేపు చూశాడు.

లోపలివైపు ముట్టుకోకూడదని ఖాయమైంది. పసుపు ఎండకి వెలిసిపోతుంది కాబట్టి మూత తెరిచి బయట ఆరబెట్టొద్దని కూడా చెప్పాను. బయటివైపు సంగతి ఇంకా తేలలేదు, అన్నయ్యకి మెరుపు కావాలి. టెక్కలి దగ్గర లక్క పని తెలిసిన పెద్దాయన ఒకరు దొరికారు. ఆదివారం వచ్చి వెనకవైపు జానెడు మేర పట్టి చూపిస్తానన్నారు. ఆరాక ఫొటో పెడతాను.