సమస్య: దోచుకొన్నట్టి వారికే దొరకె కీర్తి

నిర్వాహకుడు: ఛందస్సు తేటగీతి. అంశం ఆల్బర్ట్ గాలటిన్ రిడిల్ జీవితం. 1816లో మసాచుసెట్స్‌లో పుట్టాడు. మరుసటి ఏడాదే కుటుంబం ఒహాయో అడవుల్లోని న్యూబరీకి తరలింది. లాయరు, 1861–63లో అమెరికా కాంగ్రెస్ సభ్యుడు, ఆపై నవలాకారుడు. ఇంటిపేరుకే పొడుపుకథ అని అర్థం, ఇక సమస్య ఇవ్వకుండా ఉంటానా!

గంటం:
బానిసను బట్టి యమ్మెడి పాపజనుల
చేతి నుండి జాన్ ప్రైసుకు చెరను బాపి
కెనడ దారిని జూపిన ఘనుల కపుడు
దోచుకొన్నట్టి వారికే దొరకె కీర్తి

(1858లో కెంటకీ నుంచి పారిపోయి వచ్చిన బానిస జాన్ ప్రైసును ఒహాయోలోని వెల్లింగ్టన్‌లో ఒబర్లిన్ ఊరి జనం విడిపించారు. 37 మంది మీద కేసు పెట్టారు. 1859లో క్లీవ్‌లాండ్‌లో వాళ్ల తరఫున వాదించినవాళ్లలో రిడిల్ ఒకడు.)

మొల్లపూలు: గంటం గారూ, ఎత్తుగడ బాగుంది. మూడో పాదంలో యతి తప్పింది. 'కె'కు 'ఘ' చెల్లదు, స్వరమైత్రి లేదు. "కెనడ దారిని జూపిరి, కేసులోన" అంటే సరి. అసలు చిక్కు వేరే ఉంది. విడిపించడం దోపిడీ ఎలా అయింది? అది చెప్పకపోతే సమస్య విడినట్టు కాదు. పైగా రిడిల్ పద్యంలోకే రాలేదు!

గంటం: యతి దిద్దుకున్నాను, ధన్యవాదాలు. రెండోది మీరే పూరించి చూపండి.

మొల్లపూలు:
మనిషి సొత్తని చట్టమే మాటలాడ
రిడిలు పైదైన ధర్మమే రీతి యనెను
తెంచి యొక్కని సంకెల, తెల్లదొరను
దోచుకొన్నట్టి వారికే దొరకె కీర్తి

నిర్వాహకుడు: 'తెల్లదొరను' దగ్గర సమస్య విడిపోయింది. పారిపోయిన బానిసల మీద తెచ్చిన 1850 నాటి చట్టం లెక్కన ప్రైసు యజమాని సొత్తు, విడిపిస్తే దోచినట్టే. చట్టం కన్నా పై ధర్మం ఒకటుందని, తాను దాన్ని నమ్మినవాణ్నని రిడిల్ కోర్టులోనే బాహాటంగా అన్నాడు. 'పైదైన' కొంచెం వాడుక వాసన కొడుతోంది, అయినా ఉండనివ్వండి.

గంటం: ఒక్క అభ్యంతరం. విడిపించినవాళ్లలో ఒకడైన బుష్నెల్‌కు 60 రోజుల జైలు, 600 డాలర్ల జుర్మానా పడ్డాయి. కీర్తితోపాటు దొరికిన వాటి మాటేమిటి?

మొల్లపూలు: నాలుగు పాదాల్లో జైలు ఎక్కడ కట్టనండీ! సీస పద్యం ఎత్తుకోండి. 1879లో బెల్వా లాక్‌వుడ్ అనే మహిళను అమెరికా సుప్రీంకోర్టులో లాయరుగా చేర్చుకోమని ప్రతిపాదించిందీ రిడిలే. 1873 నాటి ‘బార్ట్ రిడ్జ్‌లీ’ నవలా ఉంది. అవన్నీ అందులో పడతాయి.